కొలబద్ద ఎవరి చేతిలో? - పుర్రెలు, మెదళ్లు, కులాలు

'మీ బుర్రలకు చదువెక్కడ ఎక్కుతుందిరా' - ఈ మాట బడిలో ఒక్కసారైనా వినకుండా పైకొచ్చిన దళితులు మా ఎరుకలో చాలా తక్కువ. మట్టిబుర్ర, మొద్దుబుర్ర, తలకాయ లేనోడు అని తిట్టుకోవడం మన భాషలో అందరికీ ఉన్నదే. కానీ అదే తిట్టు ఒక కులం పిల్లవాడి మీద పడినప్పుడు తిట్టుగా ఆగిపోదు, తీర్పుగా మారుతుంది. మిగతావాళ్లకు 'నీకు బుర్ర లేదు' అంటారు. మనకు 'మీకు బుర్ర లేదు' అంటారు. ఏకవచనం బహువచనంగా మారిన చోటే కులం ఉంది.

1990 ఆగస్టులో మండల్ సిఫార్సులను అమలు చేస్తామని వి.పి. సింగ్ ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఇదే తీర్పు 'ప్రతిభ' అనే పేరుతో వీధికెక్కింది. అగ్రకులాల విద్యార్థులు బూట్లు పాలిష్ చేసి, రోడ్లు ఊడ్చి నిరసన తెలిపారు. ఆ పని ఎవరిదని వాళ్లు అనుకుంటున్నారో ఆ నిరసనే చెప్పింది. తలతో చేసే పని కొందరిది, చేతులతో చేసే పని ఇంకొందరిది అని పుట్టుకతోనే రాసి ఉందన్న నమ్మకం అందులో ఉంది. పురుషసూక్తం ఒకరిని ముఖం దగ్గర, ఇంకొకరిని పాదాల దగ్గర పెట్టింది. మనల్ని అసలు ఆ ఒంట్లోనే చేర్చలేదు.

ఇది పాత సంగతేనని, శాస్త్రం వచ్చాక పోయిందని కొందరు అంటారు. చరిత్ర చూస్తే అట్లా లేదు. పందొమ్మిదో శతాబ్దంలో శాస్త్రమే ఈ నమ్మకానికి కొలతలు, పట్టికలు సమకూర్చింది. ఆ పట్టికలు అమెరికాలో పుట్టి, పారిస్‌లో పెరిగి, మన మద్రాసు మ్యూజియం దాకా నడిచొచ్చాయి. ఆ దారినే ఈ వ్యాసంలో చూద్దాం.

1. గింజలు, సీసపు గుళ్లు

ఫిలడెల్ఫియాలో శామ్యూల్ జార్జ్ మోర్టన్ అనే డాక్టరు ఉండేవాడు. ప్రపంచం నలుమూలల నుంచి దాదాపు వెయ్యి పుర్రెలు పోగుచేశాడు. ఒక్కొక్క పుర్రెలో మొదట్లో గింజలు, తరవాత సన్నటి సీసపు గుళ్లు నింపి, మళ్లీ వాటిని బయటికి పోసి, ఆ పుర్రెలో ఎంత చోటుందో కొలిచాడు. 1839లో అచ్చయిన 'క్రేనియా అమెరికానా'లో ఆ సగటులు వేశాడు. తెల్లజాతికి 87 ఘనపు అంగుళాలు, ఆఫ్రికా నల్లజాతికి 78. మిగతా జాతులు ఈ రెండింటి మధ్య. పుర్రె పెద్దదైతే మెదడు పెద్దది, మెదడు పెద్దదైతే తెలివి పెద్దది అని అర్థం చేసుకోవడానికి వీలుగా, తల ఎత్తుపల్లాలను బట్టి గుణాలు చెప్పే జార్జ్ కూంబ్ రాసిన వ్యాసం ఒకటి పుస్తకం చివర చేర్చారు. అమెరికాలో అప్పటికి బానిసత్వం చట్టబద్ధం. బానిసల యజమానులకు ఈ పుస్తకం ఎట్లా పనికొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ పట్టికలో మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. తెల్లజాతి సగటు కట్టేటప్పుడు మోర్టన్ తన దగ్గరున్న 17 హిందూ పుర్రెల్లో మూడింటిని మాత్రమే లెక్కలోకి తీసుకున్నాడు. కారణం దాచలేదు. హిందువుల పుర్రెలు ఉన్న జాతులన్నింటిలోకీ చిన్నవేమోనని, ఆ 17 పుర్రెల సగటు 75 మాత్రమేనని తనే రాసుకున్నాడు. చిన్నవాటిని తప్పిస్తే సగటు పెరుగుతుంది కదా! తరవాతి రోజుల్లో మేం ఆర్యులం, తెల్లవాళ్లకు దాయాదులం అని మురిసిపోయిన మన పెద్దకులాల వాళ్లు ఆ పట్టికలో ఎక్కడున్నారో ఒకసారి వెతుక్కోవాలి.

మోర్టన్ లెక్కల మీద గొడవ చాలాకాలం నడిచింది. తెలియకుండానే అతను అంకెల్ని తనకు నచ్చినవైపు వంచాడని 1981లో స్టీఫెన్ జే గౌల్డ్ రాశాడు. 2011లో ఇంకొందరు ఆ పుర్రెల్లో దాదాపు సగం మళ్లీ కొలిచి, మోర్టన్ కొలతలు చాలావరకు సరైనవేనని, పొరపాటు గౌల్డ్‌దేనని అన్నారు. అప్పుడు కొంతమంది సంబరపడ్డారు. మా ఉద్దేశంలో ఇక్కడ ఇటువైపు వాళ్లు కంగారు పడాల్సిందీ లేదు, అటువైపు వాళ్లు సంబరపడాల్సిందీ లేదు. ఎందుకో జర్మనీ వెళ్లి చూద్దాం.

2. ఒకే లెక్క, రెండు తీర్పులు

మోర్టన్ కంటే మూడేళ్ల ముందు, 1836లో, హైడెల్‌బర్గ్ శరీర శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ టీడెమన్ కూడా పుర్రెల్లో చిరుధాన్యం నింపి కొలిచాడు. ఒక జాతిలో అతి చిన్న పుర్రె ఎంత, అతి పెద్దది ఎంత అని చూశాడు. అన్ని జాతుల కొలతలూ ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయి, కాబట్టి నల్లవాళ్ల మెదడుకూ తెల్లవాళ్ల మెదడుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు అని తేల్చాడు. బానిసత్వాన్ని సమర్థించే వాదం తప్పు అన్నాడు.

2018లో పాల్ వోల్ఫ్ మిచెల్ అనే పరిశోధకుడు ఈ ఇద్దరి లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. టీడెమన్ అంకెలకు కూడా సగటులు కడితే మోర్టన్ వరసకు దగ్గరగానే వస్తాయి. మోర్టన్ పట్టికలోనేమో నల్లవాళ్ల పుర్రెల్లో పెద్దది 94 ఘనపు అంగుళాలు, అంటే తెల్లవాళ్ల సగటు కంటే ఎక్కువ. ఇద్దరి కొలతలూ ఇంచుమించు ఒక్కటే. ఒకాయన సగటుల మధ్య సందు చూశాడు, ఇంకొకాయన మనుషుల మధ్య కలిసిన చోటు చూశాడు. ఒకాయన లెక్కలోంచి నిచ్చెన వచ్చింది, ఇంకొకాయన లెక్కలోంచి సమానత్వం వచ్చింది.

అంటే దొంగ లెక్కలు రాస్తేనే అన్యాయం జరుగుతుందని అనుకోకూడదు. నిఖార్సైన లెక్కతో కూడా అన్యాయం చేయొచ్చు. నిచ్చెన ముందే వేసిపెట్టుకుంటే, ఏ అంకె వచ్చినా దాని మెట్టు మీదనే కూర్చుంటుంది. మా వ్యాసం మొత్తానికి అసలు మాట ఇదే.

ఈ సంగతిని అందరికంటే ముందు పట్టుకున్నది కొలవబడ్డవాళ్లే. బానిసగా పుట్టి, పారిపోయి స్వేచ్ఛ సంపాదించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1854లో ఒహాయోలోని వెస్టర్న్ రిజర్వ్ కాలేజీలో మాట్లాడుతూ మోర్టన్ బృందాన్ని నిలదీశాడు. ఈ పండితులు తెల్లవాణ్ణి చూపించాలంటే అందగాడి బొమ్మ వేస్తారు, నల్లవాణ్ణి చూపించాలంటే అతి హీనంగా వేస్తారు, అదేం శాస్త్రమని అడిగాడు. హైతీ దేశపు నల్లజాతి మేధావి ఆంటెనార్ ఫిర్మిన్ ఇంకో అడుగు ముందుకేశాడు. పారిస్ మానవశాస్త్ర సంఘంలో 1884లో సభ్యుడై, వాళ్ల మధ్యనే కూర్చుని, వాళ్ల పట్టికలే చదివి, 1885లో మానవ జాతుల సమానత్వం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆ పుస్తకాన్ని ఆ పండితులు పట్టించుకోలేదు. మన వాళ్ల రాతలకు పట్టిన గతి కూడా ఇదే కదా.

3. పారిస్ తక్కెడ

ఫిర్మిన్ చేరిన ఆ సంఘాన్ని 1859లో పెట్టినవాడు పాల్ బ్రోకా. ఆయన సామాన్యుడు కాడు. మాట పోగొట్టుకున్న ఒక రోగి మెదడును 1861లో పరీక్షించి, మాట్లాడే శక్తికి మెదడులో ఒక చోటుందని చూపాడు. దానికి ఇవాళ్టికీ బ్రోకా ప్రాంతం అనే పేరు. అంత గొప్ప శాస్త్రజ్ఞుడు కూడా మగవాళ్ల మెదడు ఆడవాళ్ల మెదడు కంటే, తెల్లవాళ్లది నల్లవాళ్ల కంటే, గొప్పవాళ్లది మామూలోళ్ల కంటే పెద్దదని నమ్మాడు. కాబట్టి చదువు ఉన్నంత మాత్రాన దురభిమానం పోదు.

ఆ కాలంలో గొప్పవాళ్లు చచ్చిపోతే మెదడు తూచడం ఒక ఆచారమైంది. రష్యన్ రచయిత తుర్గేనెవ్ మెదడు 2,012 గ్రాములు తూగింది. నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి రచయిత అనతోల్ ఫ్రాన్స్ మెదడు 1,017 గ్రాములే, అంటే దాదాపు సగం. తల ఎత్తుపల్లాల 'శాస్త్రాన్ని' కనిపెట్టిన గాల్ మెదడే 1,198 గ్రాములు. సగటు మనిషి మెదడు 1,300 - 1,400 గ్రాముల మధ్య ఉంటుంది. తక్కెడ ఎవరి మాటా వినలేదు.

లండన్‌లో ఆలిస్ లీ అనే గణిత పరిశోధకురాలు ఇంకా చమత్కారమైన పని చేసింది. బతికున్నవాళ్ల తల కొలతలను బట్టి లోపలి చోటు లెక్కకట్టే పద్ధతి తయారుచేసి, శరీర శాస్త్రజ్ఞుల సమావేశానికి వచ్చిన 35 మంది పెద్దమనుషుల తలల్నీ, కాలేజీ ఆడపిల్లల తలల్నీ కొలిచింది. పేరుమోసిన పండితులు కొందరు జాబితాలో అట్టడుగున పడ్డారు. కొందరు విద్యార్థినుల తలలు వాళ్ల తలల కంటే పెద్దవని తేలింది. తల కొలతకూ తెలివికీ సంబంధం లేదని ఆమె తేల్చింది. ఆ వ్యాసం 1901లో అచ్చయింది.

అమెరికాలో రాబర్ట్ బీన్ అనే డాక్టరు 1906లో నల్లవాళ్ల మెదడు ముందుభాగం చిన్నదని రాశాడు. మరుసటి ఏడాదికల్లా ఒక వైద్య పత్రిక దాన్ని పట్టుకుని నల్లవాళ్లకు చదువు, ఓటు దండగని సంపాదకీయం రాసేసింది. బీన్ పనిచేసిన జాన్స్ హాప్కిన్స్‌లోనే ఆయనకు పెద్ద ఫ్రాంక్లిన్ మాల్. ఆయనకు అనుమానం వచ్చింది. ఏ మెదడు ఎవరిదో తనకు తెలియకుండా ఏర్పాటు చేసుకుని 106 మెదళ్లు కొలిచాడు. జాతికో తీరుగా తేడా ఏదీ కనపడలేదని 1909లో ప్రకటించాడు. ఎవరిదో తెలియకుండా కొలిస్తే మాయమైపోయే తేడా మెదడులో ఉన్నట్టా, కొలిచేవాడి కళ్లలో ఉన్నట్టా?

4. మన ముక్కులు, మన తలలు

బ్రోకా శిష్యుడు పాల్ టోపినార్. టోపినార్ పద్ధతులు పట్టుకుని మన దేశంలో దిగినవాడు హెర్బర్ట్ రిస్లీ అనే ఐ.సి.ఎస్. అధికారి. పుర్రెలో గుళ్లు పోసే పని బతికున్నవాళ్లతో కుదరదు కాబట్టి తల పొడుగు, వెడల్పు, ముక్కు కొలిచాడు. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి నూటితో హెచ్చవేస్తే వచ్చేది నాసికా సూచిక. బెంగాలు, ఉత్తరాది ప్రాంతాల్లో దాదాపు 6,000 మందిని కొలిపించి, 1891 ప్రాంతంలో ఒక సూత్రం ప్రకటించాడు. ముక్కు ఎంత సన్నబడితే కులం అంత పైకి, ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కిందికి! మెదడు మాట పోయి ముక్కు మాట వచ్చింది గానీ నిచ్చెన మాత్రం అదే. 1901 జనాభా లెక్కలకు ఆయనే కమిషనర్. కులాలను పైనుంచి కిందికి వరసపెట్టి రాసే పని ఆయన హయాంలోనే జరిగింది.

మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న ప్రాంతంలో, ఈ పని ఎడ్గార్ థర్‌స్టన్‌కు అప్పగించారు. ఆయన 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం అధిపతి. కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాల 'దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు' వేశాడు. మాల, మాదిగ కులాల గురించి ఇవాళ్టికీ పరిశోధకులు తిరగేసేది ఆ పుస్తకాన్నే. మేమూ తిరగేశాం. అందులో ఆచారాలు, పాటలు, ఇంటిపేర్లు ఉన్నాయి, కొంత విలువైన సమాచారమూ ఉంది. ముందుమాటలో ఆయన సరదాగా చెప్పిన సంగతి ఒకటుంది. వయనాడులో పణియ స్త్రీలు ఈయన్ని చూడగానే పారిపోయారట. తమలో బాగున్నవాళ్లను పట్టుకుపోయి, గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని భయపడ్డారట! ఆయనకది నవ్వులాటగా ఉంది. ఆ స్త్రీల వైపు నుంచి చూస్తే అందులో వెర్రితనం ఏమీ లేదు. పులిని, జింకను పెట్టిన మ్యూజియం మనిషే తమ తలలు కొలవడానికి వచ్చాడు మరి. మోర్టన్ పోగేసిన పుర్రెల్లో కూడా బానిసలవీ, దిక్కులేనివాళ్లవీ ఉన్నాయి. వాటిని తన దగ్గర పెట్టుకున్నందుకు పెన్సిల్వేనియా యూనివర్సిటీ మ్యూజియం 2021లో క్షమాపణ చెప్పింది. 19 మంది నల్లవాళ్ల అవశేషాలను 2024లో సమాధిలో ఉంచారు. పణియ స్త్రీల భయం దాదాపు నూట ఎనభై ఏళ్ల చరిత్రకు సరిపోయే భయం.

రిస్లీ సూత్రాన్ని మన దేశంలో గట్టిగా పరీక్షించింది జి.ఎస్. ఘుర్యే. 1932లో ఆ కొలతలన్నీ మళ్లీ చూసి, ఉత్తరాదిలో కొంత ప్రాంతం వదిలిస్తే ముక్కుకూ కులపు అంతస్తుకూ పొంతన లేదని చూపాడు. ఆ పట్టికలను తీసుకుని వాటి చేత అసలు నిజం చెప్పించినవాడు మాత్రం బాబాసాహెబ్ అంబేద్కర్. 1948లో వచ్చిన 'అంటరానివారు' పుస్తకంలో ఒక అధ్యాయం పూర్తిగా దీనికే కేటాయించాడు. బ్రాహ్మణుల కొలతలు, అంటరాని కులాల కొలతలు పక్కపక్కన పెట్టి ఆయన చేసిన వాదం సూటిగా ఉంటుంది. ఈ కొలతల శాస్త్రం నిజమైతే, ఒక ప్రాంతపు బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి. బ్రాహ్మణుడు ఆర్యుడైతే అంటరానివాడూ ఆర్యుడే, బ్రాహ్మణుడు ద్రావిడుడైతే అంటరానివాడూ ద్రావిడుడే. కాబట్టి అంటరానితనానికి మూలం రక్తంలో లేదు, చరిత్రలో ఉంది, దాన్ని అక్కడే వెతకాలి.

ఆయన ఈ దారి పట్టడం యాదృచ్ఛికం అని మేము అనుకోవడం లేదు. 1913లో ఆయన చేరిన కొలంబియా యూనివర్సిటీలోనే ఫ్రాంజ్ బోయాస్ ఉండేవాడు. అమెరికాకు వలసవచ్చిన కుటుంబాల్లో దాదాపు 18,000 మందిని కొలిచి, తల ఆకారం కూడా ఒక్క తరంలోనే మారుతుందని చూపినవాడు బోయాస్. కులాల మీద అంబేద్కర్ తన మొదటి పరిశోధన పత్రాన్ని 1916లో చదివింది బోయాస్ శిష్యుడు గోల్డెన్‌వైజర్ నడిపిన సెమినార్‌లోనే.

ఇదే కాలంలో తెలుగునాట మనవాళ్లు తమ సమాధానం తాము చెప్పుకుంటున్నారు. థర్‌స్టన్ పుస్తకం వచ్చిన ఎనిమిదేళ్లకు, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన మహాసభలో 'పంచమ' అనే పేరు పారేసి 'ఆది ఆంధ్ర' అనే పేరు పెట్టుకున్నారు. సర్కారు వాళ్లు మనల్ని కొలిచి పేరు పెడుతుంటే, మనవాళ్లు కొలతతో పని లేకుండా తమ పేరు తామే పెట్టుకున్నారు.

5. ఇవాళ్టి శాస్త్రం ఏమంటోంది

ఇప్పుడు పుర్రెలో గుళ్లు పోసే పని లేదు. బతికున్న మనిషి మెదడును యంత్రంలో ఫోటో తీసి చూడొచ్చు. అట్లా చూసినప్పుడు మెదడు సైజుకూ తెలివి పరీక్షల మార్కులకూ సంబంధం ఏమీ లేదా అంటే, కొద్దిగా ఉంది. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడానికి మనం భయపడకూడదు. 2015లో ఎనభైకి పైగా అధ్యయనాలు కలిపి చూస్తే సహసంబంధం 0.24 అని తేలింది. అంటే మార్కుల్లో ఉండే తేడాలో నూటికి ఆరు పాళ్లు మాత్రమే సైజుతో ముడిపడి ఉంది. మిగతా తొంభై నాలుగు పాళ్లు సైజుకు అందవు. అదీ మనిషికీ మనిషికీ మధ్య తేడా గురించిన మాటే తప్ప కులానికీ కులానికీ మధ్య తేడా గురించిన మాట కాదు. మగవాళ్ల మెదడు ఆడవాళ్ల మెదడు కంటే సగటున పది శాతం పెద్దది. అయినా తెలివి పరీక్షల సగటులో ఆ తేడా కనపడదు.

బరువే గొప్పైతే ఏనుగు మన కంటే మూడింతల పండితురాలు కావాలి. మనిషి మెదడులో నాడీకణాలు 8,600 కోట్లని, ఆఫ్రికా ఏనుగు మెదడులో 25,700 కోట్లని లెక్కకట్టారు. కానీ ఏనుగుకు వాటిలో అత్యధిక భాగం వెనకనున్న చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకు ముఖ్యమైన పైపొరలో మనిషికి 1,600 కోట్లు ఉంటే ఏనుగుకు 560 కోట్లే. ఎంత ఉంది అనే దానికంటే ఎక్కడుంది, ఎట్లా అల్లుకుంది అనేది ముఖ్యం.

ఆ అల్లికేమో పుట్టుకతో బిగిసిపోయింది కాదు. లక్నో దగ్గరి పల్లెల్లో చదువు రాని పెద్దవాళ్లకు, ఎక్కువమంది ఆడవాళ్లే, ఆరు నెలలు హిందీ చదవడం రాయడం నేర్పి, ముందూ వెనకా మెదళ్లను పరీక్షించారు. మెదడు లోతట్టు భాగాలకూ చూపుకు సంబంధించిన భాగాలకూ మధ్య పొత్తు పెరిగిందని 2017లో ప్రకటించారు. అక్షరం వస్తే మెదడే మారుతుంది. మరి అక్షరం వినకూడదు, నేర్వకూడదు అని వందల ఏళ్లు కట్టడి చేసి, ఆ తరవాత తలకాయలు కొలిచి, వీళ్లకు లేదు అనడం ఏం న్యాయం?

ఇంకొకటి. అమెరికాలో 1,099 మంది పిల్లల మీద చేసిన పరిశీలన 2015లో వచ్చింది. ఇంటి ఆదాయానికీ మెదడు పైపొర విస్తీర్ణానికీ సంబంధం కనపడింది, అందులోనూ అతి పేద ఇళ్లలో ఆదాయం కొద్దిగా మారినా తేడా ఎక్కువగా ఉంది. దీన్ని జాగ్రత్తగా చదవాలి. పేదవాళ్ల మెదడే అంత అని రేపు ఎవరో ఒకరు దీన్నే మోర్టన్ పట్టికలాగా వాడొచ్చు. అవి సగటులు, ఏ ఒక్క పిల్ల తలరాతా కావు. పైగా బాణం ఎటు పోతుందో చూడాలి. మెదడు రెండేళ్లు నిండేసరికే పెద్దవాళ్ల మెదడు సైజులో ఎనభై పాళ్లకు చేరుతుంది. ఆ రెండేళ్లలో తల్లికీ బిడ్డకూ దొరికే తిండి, అయోడిన్, నీళ్లు, వైద్యం ఎవరి చేతిలో ఉన్నాయి?

6. పేరు చెప్పగానే

చివరికి ఒక ప్రయోగం సంగతి చెప్పి ముగిస్తాం. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు చేయించారు. కొందరు పైకులాల పిల్లలు, కొందరు దళిత పిల్లలు. ఎవరిది ఏ కులమో చెప్పకుండా కూర్చోబెట్టినప్పుడు రెండు గుంపులూ సమానంగా చేశారు. అందరి ముందూ ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం పైకి చదివి మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లల లెక్క గణనీయంగా పడిపోయింది. ఈ ఫలితాలు 2004లోనూ, తరవాత 2006లోనూ వచ్చాయి.

అవే తలలు, అవే మెదళ్లు. మధ్యలో మారింది ఒక్క మాట. ఆ మాట విన్న క్షణంలో పిల్లవాడి పుర్రె కుంచించుకుపోలేదు. ఇక్కడ ప్రయత్నించినా ఫలితం ఉండదు, ఇది మనకు దక్కనిచ్చేవాళ్లు కారు అనే ఎరుక వాడి చేతిలోని పెన్సిల్‌ను పట్టుకుంది. మాల్ కథను ఇది తిరగేసి చెబుతోంది. కొలిచేవాడికి జాతి తెలియకపోతే మెదడులో తేడా మాయమైంది. పిల్లవాడి కులం పైకి చదవకపోతే మార్కుల్లో తేడా మాయమైంది. మోర్టన్ నుంచి థర్‌స్టన్ దాకా అందరూ తల లోపల వెతికింది, నిజానికి గది లోపల ఉంది.

ప్రతిభ గురించి మాట్లాడేవాళ్లతో మనం తలల సైజు మీద పోటీ పడక్కర్లేదు. మా తలలూ పెద్దవేనని నిరూపించుకోవడం మొదలుపెడితే వాళ్ల నిచ్చెనను మనమూ ఒప్పుకున్నట్టే. డగ్లస్, ఫిర్మిన్, అంబేద్కర్ చేసిన పని వేరు. వాళ్లు పట్టికల్ని చూసి పారిపోలేదు, పట్టికల ముందు సాగిలపడలేదు. వాటిని చేతిలోకి తీసుకుని చదివి, కొలిచినవాణ్ణే కొలిచారు. బడిలో 'మీ బుర్రలకు' అనే బహువచనం వినపడినప్పుడు మన పిల్లలు తల దించుకోకుండా 'మీరు ఏం కొలిచారు సార్, ఎట్లా కొలిచారు?' అని అడగగలిగే రోజు రావాలి. ఆ రోజు కోసమే ఈ చరిత్ర వాళ్లకు చెప్పాలి.